సెలవుల్లో ఒక పుస్తకం, ఇష్టమైతేనే

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, మీకు నా ఆశీస్సులు.

ఇంత ఎండలో వచ్చారు కాబట్టి అసలు మాట ముందే చెప్పేస్తాను. ఈ వేసవి సెలవుల్లో మీరు చదివే పుస్తకానికి మార్కులు ఉండవు. చదవకపోతే ఎవరూ అడగరు. తొమ్మిది, పది తరగతుల వాళ్లకు ఇది ఇష్టమైతేనే చేసే పని.

"ఇష్టమైతేనే అంటే ఎవరు చదువుతారు మాస్టారూ?" అని నిన్న ఒక తండ్రి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేను హైస్కూల్లో ఉండగా సెలవుల్లో ఒక నవల చదివి సారాంశం రాసుకు రమ్మన్నారు. ఒకడు రాశాడు, మిగతావాళ్లం చూసి ఎక్కించాం. అందరి నోటుబుక్కుల్లోనూ ఒకే సారాంశం, కథానాయకుడి ఊరి పేరు దగ్గర ఒకే తప్పు. ఆ నవలను నేను నిజంగా చదివింది ముప్పై దాటాక. కన్నీళ్లు ఆగలేదు. పదిహేనేళ్లప్పుడు చదివి ఉంటే అది నాలో ఎంత దూరం వెళ్లేదో అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే నేను సారాంశం అడగను. చదివిన దానితో చేతులారా ఏదైనా ఒకటి చేసి తీసుకు రమ్మంటాను.

నిరుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తెచ్చినది ఇదిగో, చూడండి. పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్ల కాగితాలు చింపి, గోనె దారంతో కుట్టి, పెళ్లి శుభలేఖ అట్ట వేసింది. తను చదివిన కథలో చద్దన్నం అన్న మాట వచ్చింది. బడిలో స్నేహితురాళ్లకు దాన్ని ఒడియాలో పఖాళ అని చెప్పింది. ఇంటికి వెళ్లి అడిగితే వాళ్ల నాయనమ్మ ఒప్పుకోలేదట. ఇక్కడ ఆ అమ్మాయి రాసుకున్నది చదువుతాను: "చద్దన్నం అంటే రాత్రి మిగిలినది. పఖాళ అలా కాదు. అప్పుడే వండి నీళ్లు పోసినా పఖాళే, దాన్ని సజ పఖాళ అంటారు. రాత్రంతా నానబెట్టి పులిసినది బాసి పఖాళ. నాయనమ్మ చెప్పే చద్దన్నానికి బాసి పఖాళ దగ్గర చుట్టం." ఇలా అరవై మాటలున్నాయి. ఒక్కో మాట కింద దాన్ని ఎవరు చెప్పారో, ఏ పని చేస్తూ చెప్పారో కూడా రాసింది. బడిలో ఒడియా చదువుతూ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల తప్ప ఇంకెవరూ ఈ పుస్తకం తయారు చేయలేరు.

మన పర్లాకిమిడిలో ఇలాంటి పని కొత్తేమీ కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఇక్కడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల భాషకు అప్పటికి లిపి లేదు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, విని, రాసుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాచకాలు తయారు చేశారు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యేసరికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. ఆ భాష నేర్చుకోమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. బడిలో పాఠాలు చెప్పుకుంటూ, తన ఇష్టం కొద్దీ నేర్చుకున్నారు.

పదో తరగతి వాళ్లకు కొంచెం పెద్ద పని చెబుతాను. గురజాడ వారి కన్యాశుల్కం మొదటి కూర్పు అచ్చయింది 1897లో. ఫకీర్ మోహన్ సేనాపతి ఒడియా నవల ఛ మాణ ఆఠ గుంఠ పత్రికలో వరుసగా రావడం మొదలైందీ ఆ ఏడే. ఆయన జనం మాట్లాడే ఒడియాలో రాస్తే, ఈయన జనం మాట్లాడే తెలుగులో రాశారు. ఆ రెంటినీ మూలంలోనే చదవగలిగిన పిల్లలు ఎందరుంటారు? మీరున్నారు. రెండూ మొత్తం చదవక్కర్లేదు. దీన్నుంచి ఒక పుట, దాన్నుంచి ఒక పుట తీసుకోండి. ఆ ఒడియా నవలలో ఊరి భూములు మింగిన జమీందారు మంగరాజుకు కన్యాశుల్కంలోని మన గిరీశం ఒక ఉత్తరం రాస్తే ఏమని రాస్తాడు? ఏ భాషలో రాస్తాడు? అది రాసి తీసుకురండి. బొమ్మలు వేసే వాళ్లు పాత క్యాలెండరు వెనక ఆ ఊరి పటం గీయండి.

తల్లిదండ్రులకు ఒకటే మనవి. ఎన్ని పేజీలయ్యాయని అడగకండి. నచ్చని పుస్తకాన్ని సగంలో పక్కన పెట్టేస్తే తిట్టకండి, ఇంకొకటి అందించండి. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్లలుంటే మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక పావుగంట మీరే పైకి చదివి వినిపించండి. మీకు చదవడం రాదా? కథ చెప్పండి, వాళ్లు రాసుకుంటారు. ఆ నాయనమ్మకు కూడా చదువు రాదు. ఆ అరవై మాటల్లో నలభై ఆవిడ చెప్పినవే.

గుమ్మం దగ్గర బల్ల మీద పుస్తకాలు పరిచాం. పేరు రాయించనక్కర్లేదు. తిరగేసి చూసి, నచ్చినది తీసుకెళ్లండి. జూన్ నడుమ వచ్చే ఒడియావాళ్ల రజ పండుగ ఉయ్యాలలు దిగాక, మీరు చేసినవి తెచ్చి ఇదే బల్ల మీద పెట్టండి.