చిగుళ్ళకి డీప్ క్లీనింగ్ చేయించాక ఈ వాటర్ ఫ్లాసర్ గురించి నా మాట

నమస్తే అండీ. ఈ వాటర్ ఫ్లాసర్, అంటే పళ్ళ సందుల్లోకి నీళ్ళు చిమ్మే మెషిన్, కంపెనీవాళ్ళు ఫ్రీగా పంపారు, డబ్బులేమీ ఇవ్వలేదు. ట్యాంకెంత, ఛార్జింగెంత అన్నది ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు, అవి వదిలేద్దాం.

నాకు బ్రష్ చేస్తే నురగలో రక్తం పడేది. పది రోజులు ఇది వాడినా తగ్గలేదు. చివరికి శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర డెంటిస్ట్‌కి చూపించుకున్నాను.

డాక్టరమ్మ గీతలున్న సన్నటి పుల్లలాంటిది చిగురు కిందకి దించుతూ అంకెలు చదువుతున్నారు. "రెండు, మూడు, మూడు... ఐదు... ఆరు." పరీక్ష మార్కుల్లాగే ఉంది గానీ, ఇక్కడ ఎక్కువొస్తే ఫెయిల్! మూడు మిల్లీమీటర్ల దాకా పర్వాలేదట. దాటితే చిగురు పంటిని వదిలి సంచిలా తెరుచుకున్నట్టు. పాచి గట్టిపడి గారైపోయి ఆ సంచిలో కూర్చుంటుంది. అది రాయి. నీళ్ళు చిమ్మితే రాదు.

మత్తు ఇచ్చి ఒకరోజు కుడివైపు, వారం తర్వాత ఎడమవైపు డీప్ క్లీనింగ్ చేశారు. మెషిన్ కీచుమనడం ఓర్చుకోవచ్చు. తర్వాత చేత్తో వేరు మీద గార గీకుతారు చూడండి, నొప్పి లేదు, కానీ పుర్రె లోపల ఎవరో కొబ్బరి కోరుతున్నట్టు చప్పుడు. ఇంటికొచ్చాక చల్లనీళ్ళు జివ్వుమనేవి. రెండు వారాలు వాడమన్న మౌత్‌వాష్‌తో టీ రుచే తెలియలేదు, పైగా పళ్ళ మీద గోధుమరంగు మరకలు. అందుకు మాత్రం నాకు ఒళ్ళు మండింది.

కింది ముందుపళ్ళ మధ్య సందు కూడా కనిపించింది. "చెప్పానా, క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయి" అంది మా పిన్ని. ఆ సందు ఎప్పట్నుంచో ఉందే పిన్నీ, ఇన్నాళ్ళూ గారా వాపూ దాన్ని కప్పేశాయి. మా మామ్మ చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. పళ్ళన్నీ ఊడితే వయసనుకున్నాం. పొగాకు అలవాటున్నవాళ్ళకి చిగుళ్ళు పాడైనా రక్తం పెద్దగా కనిపించదట!

ఆరు వారాలకి మళ్ళీ కొలిచారు. ఐదు మూడైంది. వెనక దవడపన్ను ఒక్కటే ఆరు నుంచి ఐదుకి దిగి మొండికేసింది, మూడు నెలలకి మళ్ళీ రమ్మన్నారు. బొగ్గు టూత్‌పేస్ట్‌ని పొగుడుతూ నిరుడు చేసిన వీడియో తీసేశాను.

క్లీనింగ్ అయ్యాక మాత్రం ఈ ఫ్లాసర్ బాగుంది, రోజూ రాత్రి వాడుతున్నా. డబ్బు పెట్టి కొనాలంటే ముందు క్లీనింగ్‌కే పెడతాను. పిన్ని ఇప్పుడు ఇది తనకి ఇచ్చేయమంటోంది. ముందెళ్ళి ఆ అంకెలు చదివించుకుని రా, అప్పుడిస్తానన్నాను.