కళ్ళజోడు, కంటి టెస్టుల కోర్సుల్లో అసలేం నేర్పిస్తారు?

హాయ్ అందరికీ, ఈరోజు ఆప్టీషియన్, కంటి టెక్నీషియన్ కోర్సుల గురించి మాట్లాడుకుందాం. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు, పైగా ఆప్టోమెట్రిస్ట్‌ని కూడా వీటిలోనే కలిపేస్తారు.

ఆపరేషన్ చేసేది కంటి డాక్టర్. సైట్ ఎంతుందో చూసి పవర్ రాసేది ఆప్టోమెట్రిస్ట్, అది ఇంకా పెద్ద చదువు. ఆ రాసిన పవర్‌ని మన ముఖానికి సరిపోయే కళ్ళజోడుగా మార్చేది ఆప్టీషియన్. ఇక డాక్టర్ చూసే ముందే చూపు, కంటి ప్రెషర్ లాంటివన్నీ కొలిచి పెట్టేది టెక్నీషియన్. ఈ చివరి రెండింటికీ సర్టిఫికెట్ కోర్సులు, డిప్లొమాలు ఉంటాయి, చోటుని బట్టి ఏడాది రెండేళ్ళు, కొన్నిచోట్ల ఎక్కువే.

(స్క్రీన్ మీద: మైనస్ 4 లెన్స్, మధ్యలో చుక్క)

అద్దాలు బిగించడానికి కాలేజీ ఎందుకు అంటారు కదా, ఇది చూడండి. ప్రతి లెన్స్‌కీ ఒక ఆప్టికల్ సెంటర్, అంటే వెలుతురు పక్కకి వంగకుండా నేరుగా పోయే చోటు ఉంటుంది, అది సరిగ్గా కనుపాప ఎదురుగా రావాలి. ఈ మైనస్ 4 లెన్స్‌లో అది 5 మిల్లీమీటర్లు పక్కకి పోయిందనుకోండి, 0.5 సెంటీమీటర్ ఇంటూ 4, అంటే 2 ప్రిజమ్ డయాప్టర్లు. మీటరు దూరంలో ఉన్న వస్తువు 2 సెంటీమీటర్లు జరిగినట్టు అవుతుంది, దాన్ని సరిచేసుకోవడానికి కళ్ళు రోజంతా లాగుతూనే ఉంటాయి, పాపం ఆ మనిషేమో పవర్ తప్పు రాశారేమో అనుకుంటూ తలనొప్పితో తిరుగుతుంటాడు. పవర్ కరెక్టే, కొలత తప్పింది. ఈ లెక్కని ప్రెంటిస్ రూల్ అంటారు, ఆప్టిక్స్ క్లాసులో తప్పకుండా వస్తుంది.

ల్యాబ్‌లో ముందుగా చేతికిచ్చేవాటిలో లెన్స్ పవర్ కొలిచే లెన్సోమీటర్ ఒకటి. అందులోంచి చూస్తే అడ్డం నిలువు గీతలు కనిపిస్తాయి, చక్రం తిప్పుతూ అవి స్పష్టంగా వచ్చిన చోట పవర్ చదవాలి. కానీ లెన్స్ పెట్టకముందే, మనం కన్ను పెట్టి చూసే ఐపీస్‌ని మన కంటికి తగ్గట్టు తిప్పుకోవాలి, ఇది మర్చిపోతే ఆ తర్వాత చదివిన ప్రతి నంబరూ తేడా రావొచ్చు. కళ్ళజోడు కాడలు అవతలి వైపు ఉండేలా పెట్టాలి. ఇవన్నీ వింటే చిన్న విషయాలే, చెయ్యి అలవాటు పడటానికి మాత్రం వందల లెన్సులు చదవాలి.

టెక్నీషియన్ వైపు బాధ్యత ఇంకా బరువు అనిపిస్తుంది నాకు. శుక్లం ఆపరేషన్‌లో కంట్లో పెట్టే లెన్స్ పవర్ తేల్చడానికి కంటి పొడవు కొలుస్తారు. అందులో 1 మిల్లీమీటర్ తప్పితే పవర్‌లో సుమారు 2.5 నుంచి 3 డయాప్టర్ల తేడా వస్తుంది, డయాప్టర్ అంటే లెన్స్ పవర్ కొలిచే యూనిట్. కంటికి తాకించి కొలిచే ప్రోబ్‌ని కాస్త గట్టిగా నొక్కినా పొడవు తక్కువ చూపిస్తుంది, దాంతో కావాల్సినదానికంటే ఎక్కువ పవర్ లెన్స్ పెట్టేస్తారు, ఆపరేషన్ బాగా జరిగినా పేషెంట్‌కి దూరం మసకగానే ఉంటుంది. అందుకే ఈ పని వీడియోలు చూసి నేర్చుకునేది కాదు, ఈ వీడియోతో కలిపే చెప్తున్నా.

వీటితో పాటు కంటి నిర్మాణం, ఫ్రేమ్ వేడిచేసి వంచడం, లెన్స్ అంచు అరగదీయడం, కాంటాక్ట్ లెన్స్ శుభ్రత, పేషెంట్‌తో మాట్లాడే తీరు, అన్నీ సిలబస్‌లో ఉంటాయి. చిన్నపిల్లలకి, కదలకుండా కూర్చోలేని పెద్దవాళ్ళకి టెస్ట్ చేయడం పుస్తకంలో రాదు, క్లినిక్ పోస్టింగ్‌లోనే వస్తుంది.

కాబట్టి చేరేముందు బ్రోచర్ పక్కన పెట్టి ల్యాబ్ చూపించమనండి. ఒక్కో లెన్సోమీటర్‌కి ఎంతమంది స్టూడెంట్స్, క్లినిక్‌లో ఎన్ని గంటలు, అక్కడ సొంతంగా కొలవనిస్తారా లేక వెనక నిలబడి చూడటమేనా, ఇవి అడగండి. మీరు పని చేయాలనుకునే చోట లైసెన్స్ పరీక్ష ఉంటే ఈ కోర్సు దానికి చెల్లుతుందో లేదో కాగితం మీద చూపించమనండి, నోటిమాట నమ్మొద్దు. వీలైతే రెండో ఏడాది చదువుతున్న స్టూడెంట్‌ని పక్కకి పిలిచి, ఇప్పటిదాకా ఎంతమంది పేషెంట్లని నువ్వే కొలిచావు అని అడగండి, వాళ్ళు టక్కున చెప్పగలిగితే అప్పుడు ఫీజు సంగతి మాట్లాడండి.