అరుదైన బండైతే ఎంతైనా ఇవ్వాలా? పాత సియెరాకు 14 లక్షలపై హనుమకొండ స్టూడియోలో చర్చ

(ప్రత్యక్ష ప్రసారాన్ని విని రాసింది. ఒకరి మీద ఒకరు మాట్లాడిన చోట వినిపించినంత వరకే ఉంది.)

వ్యాఖ్యాత: నమస్కారం. రెండు వారాల నుంచి వరంగల్, హనుమకొండ, కాజీపేట వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ఫోటో తిరుగుతోంది. 1997 మోడల్ టాటా సియెరా కారు, ఏపీ 36 నంబరు, అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాటి వరంగల్ నంబరు. హంటర్ రోడ్డు దగ్గర అమ్మకానికి పెట్టారు, ధర 14 లక్షలు. కొత్త సియెరా 2025 నవంబరులో వచ్చింది, అప్పుడు దాని మొదలు ధర 11.49 లక్షలు, షోరూం ధర. అంటే పాతదే ఎక్కువ! దీని మీద మాట్లాడటానికి పాత కార్లు కొని అమ్మే వ్యాపారి, ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న మెకానిక్, డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే మేడమ్ వచ్చారు. ముగ్గురికీ సమానంగా టైం ఇస్తాం. మేడమ్, ముందు మీరు చెప్పండి. అదే 14 లక్షలు ఏదైనా ప్లాట్‌లో పెడితే మంచిది కదా?

లెక్చరర్: ప్లాట్ సంగతి తర్వాత చూద్దామండి. అరుదుగా ఉండటం వేరు, ధర పలకడం వేరు. రెండింటినీ...

వ్యాపారి: ఒక్క నిమిషం మేడమ్, ముందు నన్ను చెప్పనివ్వండి. రెండు వారాల నుంచి జనం తిడుతున్నది నన్ను. సియెరా 1991లో వచ్చింది. ఆ రోజుల్లో పవర్ విండోలు, ఏసీ ఉన్న దేశీ బండ్లు ఎన్ని ఉన్నాయి? మూడే డోర్లు, వెనకాల రెండు పక్కలా పైకప్పు దాకా వంగిన అద్దాలు. ఆ ఆకారం ఇంకే బండికీ లేదు. ఇవాళ తెలంగాణ మొత్తం తిరిగినా నడిచే కండిషన్‌లో పది దొరకవు. పది! దొరకని వస్తువుకు ధర నేను పెట్టేది కాదు, దానంతట అదే వస్తుంది.

మెకానిక్: పది అని ఎవరు లెక్కపెట్టారన్నా?

వ్యాపారి: నేను ఇరవై ఏళ్ల నుంచి ఈ ఫీల్డ్‌లో ఉన్నాను.

మెకానిక్: నేనూ ఉన్నాను. ఊళ్లలో టార్పాలిన్ కప్పి పెట్టిన బండ్లు నేనే నాలుగు చూశాను. నడవనంత మాత్రాన లేనట్టు కాదు కదా.

వ్యాపారి: నడవని బండి తుక్కు. అది లెక్కలోకి రాదు.

లెక్చరర్: లెక్కలోకి రావాలండి. ధర 14 లక్షలని తెలిస్తే ఆ నాలుగు బండ్లూ టార్పాలిన్ తీసేసి బయటకొస్తాయి. అప్పుడు అరుదు ఎక్కడ ఉంటుంది?

వ్యాఖ్యాత: మంచి పాయింట్. కానీ భూమి అలా కాదు కదా, కొత్తగా పుట్టదు. అందుకే నేను ప్లాట్ అంటున్నాను...

వ్యాపారి: సార్, ప్లాట్‌లో కూర్చుని భద్రకాళి గుడికి పోగలరా?

(స్టూడియోలో నవ్వులు. మెకానిక్ ఏదో అన్నారు, వినిపించలేదు.)

లెక్చరర్: ఒక ఉదాహరణ చెప్తాను. పోలో జీటీఐ అని ఒక కారు. 2016లో మన దేశానికి 99 మాత్రమే తెచ్చారు. అంతకంటే అరుదేముంటుంది? ధర దాదాపు 26 లక్షలు. కొనేవాళ్లు లేక ఏడాదికే 6 లక్షలు తగ్గించారు. తక్కువ ఉన్నాయంటే సరిపోదు, కావాలనేవాళ్లు ఉండాలి. మారుతి జిప్సీ చూడండి, 1985 నుంచి 2019 దాకా చేశారు. అరుదు కాదు. అయినా మంచి జిప్సీ కనిపిస్తే ఎగబడతారు.

వ్యాపారి: సియెరాకు కూడా ఎగబడుతున్నారు మేడమ్! కొత్త సియెరా వచ్చాక రోజుకు ఇరవై ఫోన్లు వస్తున్నాయి.

మెకానిక్: అడిగేవాళ్లా, అడ్వాన్స్ ఇచ్చేవాళ్లా?

వ్యాపారి: అడిగితేనే కదా ఇచ్చేది!

లెక్చరర్: బండి మీ యార్డులోనే ఉందని ప్రేక్షకులకు చెప్పండి. వాళ్లకు తెలియాలి.

వ్యాపారి: దాచిందేమీ లేదు. నా యార్డులోనే ఉంది. ఉంటే? సరుకు తెలిసినవాడే మాట్లాడాలి. ఇదిగో ఫోన్ చూడండి, బెంగుళూరులో ఒకటి 13 లక్షలకు పెట్టారు, పుణెలో ఇంకొకటి...

మెకానిక్: పెట్టారు అన్నా, పెట్టారు. అమ్ముడుపోయిందా? ఎంతకు పోయింది? అడిగిన ధర కాదు, చేతులు మారిన ధర చూపించు. ఆ బెంగుళూరు బండి ఎన్ని నెలల నుంచి అట్లనే ఉంది?

వ్యాపారి: (గట్టిగా) మిర్చి యార్డుకు పోండి సార్! ఏనుమాముల పోండి! చపాటా మిర్చి బస్తాలు కొన్నే వస్తాయి. తేజ మిర్చి లారీలకు లారీలు వస్తుంది. ఏది ఎక్కువ పలుకుతుంది? సరుకు తక్కువుంటే ధర ఎక్కువ. ఇది వరంగల్ పిల్లలకు కూడా తెలుసు.

వ్యాఖ్యాత: చపాటాకు 2025లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కదా. టమాటా మిర్చి అంటారు.

మెకానిక్: మా ఊళ్లో వేస్తారు సార్. కారం తక్కువ, రంగు ఎక్కువ. పచ్చళ్లవాళ్లు రంగు కోసం తీసుకుంటారు.

వ్యాఖ్యాత: ఈసారి పంట ఎట్లుంది?

మెకానిక్: తెగుళ్లు ఎక్కువున్నాయి సార్. నల్ల తామర పురుగు...

లెక్చరర్: రంగు గురించి ఆయన చెప్పిందే నా మాట కూడా. తక్కువ పండుతుందని చపాటాకు ధర రాలేదు. రంగు కావాలనేవాళ్లు ఉన్నారు కాబట్టి వచ్చింది. అదే చపాటా తడిసి తాలు పడితే? అరుదే, కానీ యార్డులో ఎవరు కొంటారు? కారుకు కూడా...

వ్యాపారి: మా బండి తాలు కాదు మేడమ్! సింగిల్ ఓనర్, ఒరిజినల్ పెయింట్, ఏపీ 36 నంబరు, వింటేజ్ బండి...

లెక్చరర్: వింటేజ్ కాదండి. 2021 రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. అప్పుడే ‘వీఏ’ అనే అక్షరాలతో నంబరు ఇస్తారు. ఈ బండికి ఆ అవకాశం 2047 తర్వాతే. పైగా వింటేజ్ నంబరు పడితే రోజూ తిప్పడం కుదరదు, ప్రదర్శనకో ర్యాలీకో తీయాలి.

వ్యాపారి: మాటవరసకు అన్నాను. మీరు పేపర్ల మీదకు పోతున్నారు, నేను విలువ గురించి చెప్తున్నాను.

లెక్చరర్: పేపర్లే విలువ. 1997 బండి ఆర్సీ 15 ఏళ్లకు, 2012లో అయిపోయింది. అక్కడి నుంచి ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ చేయించాలి. 2017లో చేశారా? 2022లో చేశారా? మళ్లీ 2027లో ఉంది. ఇరవై ఏళ్లు దాటిన కారుకు ఇప్పుడు రెన్యువల్ ఫీజే పదివేలు, పాత బండ్ల మీద వేసే గ్రీన్ టాక్స్ వేరే. ఇదంతా ఆ 14 లక్షలు కాక అదనం.

వ్యాఖ్యాత: అదే నేను అనేది! ప్లాట్‌కు రెన్యువల్ ఉండదు...

మెకానిక్: సార్, ప్లాట్ వదిలేయండి. అసలు సంగతి స్పేర్ పార్టులు. టాటామొబైల్ పికప్ మీద కట్టిన బండి ఇది. ఇంజన్ సుమో ఇంజన్ జాతే. కాబట్టి పిస్టన్, పంపు, క్లచ్ ఏదో ఒకటి తిప్పలు పడి తెస్తాం. భయం లేదు. కానీ ఆ వెనక అద్దం ఉంది చూశారా? అది పగిలితే ఇంకో సియెరాను కోయాల్సిందే. టెయిల్ లైట్, డోరు రబ్బరు, డాష్‌బోర్డు ప్లాస్టిక్ కూడా అంతే. బండి అరుదు అన్నప్పుడు దాని సామాను కూడా అరుదే కదా. మరి అది ధరలో కలపాలా, తీసేయాలా?

(ఈ ప్రశ్నకు కార్యక్రమం చివరి దాకా జవాబు రాలేదు.)

వ్యాపారి: సామాను నేను తెప్పిస్తాను! ఢిల్లీలో ఇంత పాత డీజిల్ బండ్లు తిప్పనివ్వరు, అక్కడి నుంచి తెప్పిస్తాను. తమ్మీ, నువ్వు రిపేరు చేసేవాడివి, రేపు ఏం పాడైతదో అదే చూస్తావు. నేను అమ్మేవాణ్ణి, మనిషి మనసు చూస్తాను. ఒకాయన వచ్చాడు, గోదావరిఖని నుంచి. డోరు తీసి, సీటు మీద చెయ్యి పెట్టి, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వాళ్ల నాన్నకు ఇదే బండి ఉండేదట. ఆ కన్నీళ్లకు ధర ఎంత? చెప్పండి మేడమ్, మీ ఎకనామిక్స్‌లో ఎంత?

లెక్చరర్: ఆయన కొన్నారా?

వ్యాపారి: ఆలోచిస్తున్నాడు.

మెకానిక్: ఇన్సూరెన్స్ ఉందా అన్నా? ఐడీవీ, అంటే బండి పోతే కంపెనీ ఇచ్చే విలువ, ఎంత రాశారు?

వ్యాపారి: థర్డ్ పార్టీ ఉంది.

మెకానిక్: అంటే బండికి ఏమన్నా అయితే ఒక్క రూపాయి రాదు. ఐదేళ్లు దాటిన బండికి ఐడీవీ కంపెనీతో మాట్లాడుకుని రాయించుకోవాలి. 14 లక్షలు అని రాసివ్వమని అడిగి చూడు. రాస్తే నేనూ ఒప్పుకుంటా.

వ్యాపారి: (బల్ల మీద చరుస్తూ) ఇన్సూరెన్స్ కంపెనీవాడు చెప్తాడా దీని విలువ? పది బండ్లు లేవు సార్! పది లేవు! అంబాసిడర్ 2014 దాకా లక్షల్లో చేశారు, అయినా బాగున్నదానికి గిరాకీ ఉంది. దీనికి ఉండదా? ఐదేళ్లాగండి, ఇరవై లక్షలు అవుతుంది.

వ్యాఖ్యాత: ఐదేళ్లలో 14 నుంచి 20 అంటే... అదే ములుగు రోడ్డులో ప్లాట్ అయితే...

లెక్చరర్: ఐదేళ్ల తర్వాత ఇరవై అవుతుందని ఏ ఆధారంతో అంటున్నారు? ఆ మాట నమ్మి ఎవరైనా అప్పు చేసి కొంటే...

వ్యాఖ్యాత: మేడమ్, లైన్‌లో ఒక కాలర్ ఉన్నారు, నర్సంపేట నుంచి. చెప్పండన్నా.

కాలర్: నమస్తే సార్. నేను ఆ బండి చూసిన. నాకు మస్తు ఇష్టం. డబ్బులు కొన్ని ఉన్నయి, కొన్ని అడ్జస్ట్ చేయాలె. ఎంతకు అడగమంటరు?

వ్యాపారి: అన్నా, రేపు యార్డుకు రా, చాయ్ తాగుతూ మాట్లాడుకుందాం. నీకోసం ఎంతో కొంత చూద్దాం.

వ్యాఖ్యాత: చూశారా, గిరాకీ ఇక్కడే కనిపిస్తోంది! అంటే వ్యాపారి గారు చెప్పినట్టు అరుదైనదానికి విలువ ఉందనే అనుకోవాలి. మనకు అర నిమిషమే ఉంది.

మెకానిక్: ఆ అర నిమిషం నాకివ్వండి. నర్సంపేట తమ్మీ, ధర మాట్లాడకముందు అయస్కాంతం తీసుకుపో. డోర్ల కింద, చక్రాల పైన ఉండే వంపుల మీద పెట్టి చూడు. అంటుకోకపోతే లోపల పుట్టీ ఉన్నట్టు. ఒరిజినల్ పెయింట్ అన్నమాట అక్కడే తేలుతుంది. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీతో కలుస్తున్నాయా చూసుకో. కింద పడుకుని ఛాసిస్ తుప్పు చూడు. తర్వాత వెనక అద్దం మూలన చిన్న గుర్తు ఉంటది...

వ్యాపారి: అన్నీ నేను దగ్గరుండి చూపిస్తాను, ఆటోనగర్ దాకా ఎందుకు!

మెకానిక్: ...రెండు పక్కలా ఆ గుర్తు ఒక్కటే ఉందా లేదా...

వ్యాఖ్యాత: టైం అయిపోయింది. చిన్న విరామం తర్వాత ‘ప్లాటా, పాత కారా’ అనే అంశం మీద...

కాలర్: సార్, అద్దం మూలన ఏం చూడాలన్నరు? హలో?

(ప్రకటనలు మొదలయ్యాయి.)