మాది ఫలానా ఊరి దగ్గర

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ బస్టాండులో గుంటూరు బస్సెక్కి కూర్చోండి. పక్క సీట్లోకి ఎవరో ఒకరు వస్తారు. సంచి కాళ్ల దగ్గర సర్దుకుంటారు, మొహం తుడుచుకుంటారు. బస్సు కనకదుర్గ వారధి దాటేలోపు అడుగుతారు, "మీదేవూరండీ?" అని. పేరు అడగరు. దిగిపోయేదాకా పేరు అడగకపోవచ్చు కూడా. ఊరు మాత్రం అడుగుతారు. మన భాషలో మాట కూడా అలాగే ఉంది చూడండి. ఊరూ పేరూ అంటాం. ఊరు ముందు, పేరు తర్వాత.

మరి మనం ఏం జవాబు చెబుతాం? "మాది గుడివాడ దగ్గరండీ." "తెనాలి దగ్గర." "నరసరావుపేట దగ్గర." "నూజివీడు దగ్గర."

దగ్గర. ఈ ఒక్క మాట గురించే నేను ఈరోజు మాట్లాడదలిచాను.

ఎందుకలా చెబుతామో నాకు తెలుసు. మన ఊరు చిన్నది. అవతలివాళ్లకు తెలియదేమో, వాళ్లను ఇబ్బంది పెట్టడం దేనికి అనుకుంటాం. ఆ మాటలో మర్యాదే ఉంది. కానీ మర్యాద పేరుతో మన ఊరి పేరు మన నోట రావడమే మానేస్తుంది. పక్క ఊరి పేరు చెప్పి, దాని చాటున మన ఊరిని నిలబెడుతున్నాం. నేనూ అలాగే చెప్పాను. పెళ్లయి 1990లో విజయవాడ సత్యనారాయణపురం వచ్చాను. ముప్పై ఏళ్లు ఎవరడిగినా ఒకటే జవాబు, "మాది రేపల్లె దగ్గరండీ." 

ఆ మాట నా చేత మాన్పించింది ఒక పెద్దాయన. ఆయన సంగతి తీరిగ్గా చెబుతాను.

2021 ఆగస్టు నెల. పులిచింతల ప్రాజెక్టులో ఒక గేటు కొట్టుకుపోయిందని వార్త వచ్చింది. ఆ గేటు దగ్గర పని చేయాలంటే రిజర్వాయరులో నీళ్లు తగ్గాలి, అందుకని కిందికి వదిలారు. ఆ నీళ్లన్నీ మన ప్రకాశం బ్యారేజీకే వస్తాయి. కృష్ణలో నీళ్లొచ్చాయంటే విజయవాడలో జనం ఇళ్లలో ఉండరు కదా. మేమూ వెళ్లాం, నేనూ మా వారూ. బ్యారేజీ మీద గోడ పక్కన నిలబడ్డాం. ఎర్రటి నీళ్లు. గేట్ల కింద నుంచి దూకుతుంటే కాళ్ల కింద కట్టడం అదురుతున్నట్టే ఉంటుంది.

మా పక్కన ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. డెబ్బై దాటి ఉంటాయి. తెల్ల పంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా. అందరూ నీళ్లు కిందికి దూకే వైపు చూస్తుంటే ఆయన మాత్రం ఎగువ వైపు చూస్తున్నారు. కాసేపటికి నా వైపు తిరిగి అడిగారు.

"మీదేవూరమ్మా?"

"సత్యనారాయణపురం అండీ."

"అది కాపురం. ఊరేది?"

"రేపల్లె దగ్గరండీ."

"దగ్గరంటే?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. దగ్గర అని చెప్పగానే అందరూ తలూపేవాళ్లు. "పెనుమూడి" అన్నాను. ఆయన మొహం విప్పారింది. "పులిగడ్డకు ఇవతలి ఒడ్డు! వారధి కట్టకముందు పడవలో దాటాను నేను, మోపిదేవి గుడికి వెళ్తూ" అన్నారు. చిన్నప్పుడు మేమూ మోపిదేవి అలాగే వెళ్లేవాళ్లం, ఆ పడవలోనే. పడవ అంచు పట్టుకోవద్దని మా అమ్మ నా జడ పట్టుకుని కూర్చునేది. అది గుర్తొచ్చి ఆయనతో చనువు కలిగింది.

"మరి మీదేవూరు బాబాయిగారూ?"

"కొల్లూరు."

"మా వైపేనన్నమాట! తెనాలి మీదుగా వెళ్తే వస్తుంది, ఆ కొల్లూరేగా?"

"కాదమ్మా. అది వేరే కొల్లూరు. మాది వజ్రాల కొల్లూరు. బెల్లంకొండ వైపు. ఇప్పుడు లేదులే."

ఊరు లేదంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆయన చెయ్యెత్తి ఎగువకు చూపించారు, నీళ్ల వైపు.

వజ్రాల కొల్లూరు సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పల్నాడులో కృష్ణ ఒడ్డున ఉండేది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ అక్కడి గనులు చూసి, అరవై వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. కోహినూరు దొరికింది అక్కడేనని చెబుతారు. ఆ ఊరు పులిచింతల ముంపులోకి వెళ్లింది. ప్రకాశం బ్యారేజీకి 85 కిలోమీటర్ల ఎగువన కట్టిన ప్రాజెక్టు అది. 2013 డిసెంబరులో ప్రారంభమైంది. దాదాపు 46 టీఎంసీల నీళ్లు పడతాయి. డెల్టాలో నాట్లు ఆలస్యం కాకుండా కాపాడేది ఆ నీళ్లే. మా పెనుమూడి పొలాలు కూడా డెల్టాలోనివే. ఈ మాట నేను తేలిగ్గా చెప్పడం లేదు. పైన వాళ్ల ఊళ్లు మునిగితే కింద మా చేలు తడిశాయి. ఆ రోజు ఆయన పక్కన నిలబడి ఉన్నప్పుడు ఈ లెక్క మొదటిసారి నా మనసుకు తట్టింది.

ఆయన కోహినూరు మాట ఎత్తలేదు. వాళ్ల ఇంటి సంగతి చెప్పారు. నాపరాయి పరిచిన అరుగు, ఆ అరుగు మీద పోసిన మిరపకాయలు. వాన వెలిశాక పిల్లలంతా చేలల్లో మెరిసే రాళ్ల కోసం వెతికేవాళ్లట. "దొరికినవన్నీ గాజుపెంకులేనమ్మా, అయినా జేబు నింపుకుని వచ్చేవాళ్లం" అన్నారు. ఊరు ఖాళీ చేసేటప్పుడు ఎవరి ఇల్లు వాళ్లే విప్పుకున్నారు. దూలాలు, తలుపులు, కిటికీలు అన్నీ ట్రాక్టర్ల మీద కదిలాయి. ఆయన మాత్రం గడప తెచ్చుకున్నారు. 

"గడప ఊడదీసి తెచ్చామమ్మా. మా అబ్బాయిది ఇక్కడ అపార్టుమెంటు. అందులో ఈ గడప ఎక్కడ పెడతాం? బాల్కనీలో పెట్టాం. మీ పిన్ని శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాస్తుంది."

మళ్లీ ఎగువకు తిరిగారు. "ఇవి మా ఊరి మీద నిలబడ్డ నీళ్లు. అక్కడినుంచి దిగి ఇక్కడికొచ్చాయి. ఇక్కడినుంచి మీ పెనుమూడికే వెళ్తాయి" అన్నారు.

నేను అడగకుండానే ఇంకో మాట చెప్పారు. వాళ్లబ్బాయి అంటాడట, నాన్నా, కొల్లూరంటే అందరూ ఆ రెండో కొల్లూరు అనుకుంటున్నారు, సత్తెనపల్లి దగ్గర అని చెబితే సరిపోతుంది కదా అని. "ఎలా చెప్పనమ్మా? ఊరుంటేనే కదా దేనికైనా దగ్గరో దూరమో. మాకు పేరొక్కటే మిగిలింది."

ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మా ఊరు ఉంది. రేవు ఉంది. మా మేనమామ వాళ్లు అక్కడే ఉన్నారు. బస్సెక్కితే పూటలో వెళ్లి రావచ్చు. అలాంటి ఊరి పేరును నేను ముప్పై ఏళ్లు రేపల్లె వెనకాల దాచాను.

దీంతో పాటు ఇంకో సంగతి నేను గమనించాను. ఆడవాళ్లను మన సమాజం రెండూ అడుగుతుంది. "ఎక్కడుంటారు?" అన్న వెంటనే "పుట్టిల్లు ఎక్కడ?" అంటారు. కాబట్టి మాకు రెండు ఊళ్లు చెప్పడం అలవాటే. మగవాళ్లను ఆ రెండో ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. అడగాలనే నా కోరిక. వన్ టౌన్‌లో బట్టల కొట్టు పెట్టుకున్న రాజస్థాన్ సేటును అడగండి. శ్రీకాకుళం నుంచి వచ్చి అపార్టుమెంట్లు కడుతున్న తాపీమేస్త్రిని అడగండి. రాష్ట్రం విడిపోయాక హైదరాబాదు నుంచి ఆఫీసుతో పాటు ఇక్కడికి మారిన ఉద్యోగిని అడగండి. ఆయన "మాది హైదరాబాద్" అంటాడు, వాళ్ల నాన్నది ఏ కంచికచర్లో ఏ పొన్నూరో అయి ఉంటుంది. అడిగితే కాసేపు ఆగి చెబుతాడు. ఆ ఆగిన కాసేపూ ఆయన మొహం చూడండి, ఎంత మారుతుందో.

మన ఇంటిపేర్లలోనూ ఊళ్లున్నాయి. బ్యారేజీకి పేరున్న ప్రకాశం పంతులుగారినే తీసుకోండి. ఇంటిపేరు టంగుటూరి, అంటే టంగుటూరు. పుట్టింది వినోదరాయునిపాలెంలో. ఆయన పేరున్న బ్యారేజీ ఇక్కడ విజయవాడలో. ఒక్క మనిషి వెనక ఎన్ని ఊళ్లో చూడండి. మీ ఇంటిపేరు ఏ ఊరిదో ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ రాత్రే అడగండి. వాళ్లున్నప్పుడే అడగండి.

ఇక అసలు చెప్పాలనుకున్న పని. చిన్న పనే, ఒక కాగితం, ఒక పెన్ను చాలు. మీ పిల్లల కోసం మీ ఊరు రాసి పెట్టండి. ఊరి పేరు, అప్పటి తాలూకా, ఇప్పటి మండలం, అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా. ఇవన్నీ ఎందుకంటారా? చీరాలను తీసుకోండి. గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి వెళ్లింది. 1972లో ఆ జిల్లా పేరు ప్రకాశం అయింది. 2022లో చీరాల బాపట్ల జిల్లాలోకి వచ్చింది. మధ్యలో 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఊరు ఉన్నచోటే ఉంది, కాగితాల మీద మాత్రం ఇన్నిసార్లు కదిలింది. మా పెనుమూడీ అంతే. నా పదో తరగతి సర్టిఫికెట్టులో గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. రేపు మా మనవరాలు పాత దస్తావేజు ఏదైనా చూస్తే, అందులోని ఊరూ ఇప్పటి ఊరూ ఒకటేనని దానికి ఎవరు చెప్పాలి?

ఆ కాగితంలో ఇంకొక్క వాక్యం రాయండి. ఊరికి గుర్తు. ఏ కాలవ ఒడ్డున ఉంది, ఏ చెట్టు కింద బస్సు ఆగేది, ఏ గుడికి పడవలో వెళ్లేవాళ్లు. ఒకే పేరున్న ఊళ్లు మనకు చాలా ఉన్నాయి, రెండు కొల్లూర్లలాగా. గుర్తు రాయకపోతే మీ పిల్లలు వేరే ఊరికి వెళ్లి మీ ఇల్లు వెతుకుతారు.

మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. వాళ్ల పాపను బడిలో చేర్చేటప్పుడు ఫారంలో నేటివ్ ప్లేస్ అన్నచోట విజయవాడ అని రాశాడు. తప్పేం కాదు, వాడు పుట్టింది ఇక్కడే. కానీ పాపకు నేను ఫోన్లో చెప్పాను. నువ్వుండేది బెంగళూరు, మీ నాన్నది విజయవాడ, మీ నాన్నమ్మది పెనుమూడి అని. "పెనుమూడిలో ఏముంటుంది నాన్నమ్మా?" అంది. నది ఉంటుంది, అవతలి ఒడ్డున మనిషి నిలబడితే చీమంత కనిపిస్తాడు అన్నాను. "చీమంతేనా!" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ చెప్పాను.

ఆ పెద్దాయనతో మాకు రాకపోకలు ఏర్పడ్డాయి. మొన్న సంక్రాంతికి అరిసెలు తీసుకుని వాళ్లింటికి వెళ్లాం. మూడో అంతస్తు. పిన్నిగారు కాఫీ పెడుతుంటే నేను బాల్కనీలో ఆరేసిన బట్టలు తీసిపెడదామని అటు వెళ్లాను. తలుపు తీయగానే కింద అడ్డంగా ఉంది, కొల్లూరు గడప. పాతకాలం చెక్క, ఇంత మందం, మధ్యలో కాళ్ల రాపిడికి అరిగి ఉంది. అటు గుమ్మమూ లేదు, ఇటు గోడా లేదు. పసుపు ఇంకా తడిగానే ఉంది, మీద ముగ్గు గీతలు. నేను తొక్కకుండా, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, జాగ్రత్తగా దాటాను. వెనక నుంచి బాబాయిగారి గొంతు వినిపించింది.

"వచ్చావా అమ్మా మా ఊరికి?"

నమస్కారం.