వంటింటి ఇటుక గోడకి ఏ పూత? జిప్సమా, సిమెంటా?

[దృశ్యం: పూత లేని ఇటుక గోడ. పక్కగదిలో సిమెంటు, ఇసక మాలు కలుపుతున్న పార చప్పుడు.]

నమస్తే అండీ. ఇది విశాఖ ఎంవీపీ కాలనీలో కడుతున్న ఇల్లు, మనం ఉన్నది వంటింట్లో. ఇంటావిడ అడిగింది ఒక్కటే: "జిప్సం అయితే నున్నగా వస్తుంది, నీళ్లు కొట్టే పని లేదు అంటున్నారు. వేయించెయ్యనా?"

హాల్లో వేయించుకోండమ్మా. ఇక్కడ వద్దు.

జిప్సం తడి తగిలేకొద్దీ మెత్తబడుతుంది. మా వంటింట్లో ఆ ముచ్చట తీరింది. సింకు పక్కన జానెడు మేర రంగు ఉబ్బింది, గోరుతో గీకితే పిండిలా రాలింది. పైగా మన విశాఖ గాలికి డబ్బాలో ఉప్పే నీరుకారిపోతుంది. సున్నం పూత మంచిదే, కానీ అందులో చెయ్యి తిరిగిన మేస్త్రి దొరకాలి, ఆరేదాకా ఓపిక ఉండాలి. అంచేత సిమెంటే.

[క్లోజప్: అరచేతిలో ఇసక]

నాగావళి, వంశధారల వైపు నుంచి వచ్చే ఏటి ఇసకైనా జల్లించాల్సిందే. పిడికిట్లో నలిపి వదిలితే చేతికి మట్టి అంటకూడదు. సముద్రపు ఇసక కలిస్తే గోడ మీద తెల్లగా ఉప్పు పూస్తుంది. రోబో శాండ్, అంటే రాయి పిండి కొట్టిన ఇసక అయితే ప్లాస్టరింగుకి వాడే సన్న రకమే అడగండి. గమేళా సిమెంటుకి నాలుగైదు గమేళాల ఇసక. పూత మందం 12 నుంచి 15 మిల్లీమీటర్లు. గోడ వంకర వల్ల అంతకు మించితే రెండు పూతలుగా వేయించండి.

కరెంటు పైపుల గాడులు ముందే కొట్టించాలి, ఇటుకల సందులు సుమారు 10 మిల్లీమీటర్ల లోతు గీకించాలి. పిల్లరూ ఇటుకా కలిసేచోట చికెన్ మెష్, అంటే సన్న ఇనప జాలీ కొట్టించండి, లేకపోతే సరిగ్గా అక్కడే చీలుతుంది.

[దృశ్యం: గోడ మీద ముంతెడు నీళ్లు]

చూశారా, ఎలా తాగేసిందో! పొడి గోడకి పూస్తే ఇటుక మాలులోని నీళ్లు లాగేసుకుంటుంది, సిమెంటు పట్టు చిక్కకుండానే ఎండిపోతుంది. నీళ్లు కారుతుండగా పూస్తే జారిపోతుంది. గోడ చల్లగా తగలాలి, పైన నీళ్ల మెరుపు ఉండకూడదు.

ఇక అసలు మోసం ఇక్కడుంది. పూత త్వరగా బిగియాలని కొందరు పచ్చి గోడ మీద పొడి సిమెంటు చల్లుతారు. తర్వాత దాని మీద సాలెగూడులాంటి సన్న పగుళ్లు వస్తాయి. గొడవ పడకండి, మేస్త్రి గారికి టీ ఇప్పించి కాసేపు ఆగమనండి.

టైల్స్ వచ్చే చోట నునుపు చేయించొద్దు. తాపీ మొనతో గీతలు గీయించి గరుకుగా వదిలేయండి.

మర్నాటి నుంచి కనీసం 7 రోజులు, రోజుకి రెండు మూడుసార్లు నీళ్లు కొట్టాలి.

[దృశ్యం: పూత వేసిన గోడ మీద రూపాయి బిళ్ళతో తడుతూ]

టక్, టక్... ఇదిగో, ఇక్కడ డొల్ల మోగింది, అంటే లోపల పూత గోడకి పట్టలేదన్నమాట. ఇలాంటి చోట సుద్దతో సున్నా చుట్టి మేస్త్రి గారికి చూపించండి. లెక్క మొత్తం తీర్చేయకముందే సుమా!