పాత బండికి టర్బో: పెట్టించాలా, వద్దా?

[బానెట్ ఎత్తిన పాత బొలెరో. ఇంజిన్ ఆన్‌లో ఉంది.]

నమస్కారం అండీ. పాత క్వాలిస్, పాత సుమో, టర్బో లేని పాత బొలెరో నడిపేవాళ్లు ఈ మధ్య ఎక్కడ కనబడినా ఒకటే అడుగుతున్నారు. "బండి బాగానే ఉందండీ, అమ్మడానికి మనసొప్పట్లేదు, పికప్పే చాలట్లేదు, బయట షెడ్డులో టర్బో బిగించేస్తే ఎలా ఉంటుంది?" అని. నా మాట ముందే చెప్పేస్తాను, చివరిదాకా ఆపి మీ టైం తినను. మన గోదావరి డెల్టాలో తిరిగే బండికి చాలావరకు అది అక్కర్లేదు. ముందు ఉన్న ఇంజిన్ తన అసలు బలం ఇస్తోందో లేదో తేల్చుకోవాలి. అది తేలాక కూడా కావాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

ఎందుకు అడుగుతున్నారో నాకు తెలుసు. 216 హైవే మీద రాజోలు దాటి దిండి వైపు వెళ్తుంటే ముందు రొయ్యల మేత లోడు లారీ, వెనక బస్సు వాడి హారన్, కాస్త ఖాళీ దొరికింది కదా అని థర్డ్‌లోకి మార్చి తొక్కితే బండి అరుస్తుందే తప్ప కదలదు, ఈలోగా ఎదురు బండి వచ్చేస్తుంది, మళ్లీ ఆ లారీ వెనకే. లోపల ఏడుగురు, క్యారియర్ మీద సామాను, ఏసీ ఆన్. ఆ టెన్షన్ పడ్డవాళ్లకి టర్బో గుర్తు రావడంలో తప్పేం లేదు.

సరే, టర్బో చేసేదేంటి? ఆకివీడు, ఉండి వైపు చెరువుల వాళ్లకైతే ఒక్క ముక్కలో చెప్పొచ్చు, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్ లాంటిది. చెరువులో మేత ఎంతైనా వేస్తాం, నీళ్లలో ఆక్సిజన్ లేకపోతే రొయ్య తినదు, ఆ మేతంతా అడుక్కి చేరి కుళ్లుతుంది. ఇక్కడ మేత అంటే డీజిల్. కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే లెక్క ప్రకారమే సుమారు 14.5 కిలోల గాలి కావాలి, పొగ రాకుండా ఉండాలంటే ఇంకా ఎక్కువే కావాలి. గాలి చాలకపోతే సగం మండిన డీజిల్ వెనక నుంచి నల్ల పొగై పోతుంది. అందుకని టర్బో, సైలెన్సర్ వైపు పోయే వేడి పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకి రెండో చివరన ఉన్న చక్రంతో బయటి గాలిని నొక్కి సిలిండర్లలోకి తోస్తుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు కూడా దాటి తిరుగుతుంది.

[చేతిలో విప్పిన టర్బో. క్లోజప్.]

ఇది చూడండి. ఇరుసు చివర పట్టుకుని అటూ ఇటూ కదిపితే చాలా కొద్దిగా ఊగుతోంది, అది ఉండాల్సిందే, ఎందుకంటే ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఈ ఇరుసు ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఇప్పుడు ముందుకీ వెనక్కీ లాగుతున్నా. ఇలా లాగినప్పుడు చేతికి తెలిసేంత ఆట ఉండకూడదు. ఇందులో ఉంది. రెక్కల అంచులు కూడా చూడండి, పక్క గోడకి రాసుకుని మెరుస్తున్నాయి. తుక్కు కొట్లో "కండిషన్‌లో ఉందండీ" అని చేతిలో పెట్టే సరుకు చాలాసార్లు ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు కొంచెం లెక్క. టర్బో గాలికి ఇచ్చే అదనపు ప్రెషర్‌ని బూస్ట్ అంటారు, దాన్ని బార్‌లలో కొలుస్తారు, ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ప్రెషర్ అంత. "అర బార్ బూస్ట్ ఇస్తే గాలి ఒకటిన్నర రెట్లు, బలమూ ఒకటిన్నర రెట్లు" అంటారు. కాదు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. మన ఎండలో 35 డిగ్రీల గాలి మామూలు టర్బోలో అర బార్ దాకా నొక్కేసరికి దాదాపు 90 డిగ్రీలకు చేరుతుంది, వేడెక్కిన గాలి పలచబడుతుంది, అంచేత సిలిండర్‌లోకి నిజంగా అదనంగా వెళ్లే గాలి సగం కాదు, పావు వంతు చిల్లర. మధ్యలో ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పెట్టి 55 డిగ్రీలకు దింపితే అది 40 శాతం దాకా వస్తుంది. ఇంటర్‌కూలర్ లేకుండా చవకలో చేస్తామన్నారంటే మీరు డబ్బు పెట్టి ఇంజిన్‌లోకి వేడి గాలి ఎక్కిస్తున్నారన్నమాట.

ఇంకో సంగతి చాలామంది చెప్పరు. గాలి పెంచి డీజిల్ పెంచకపోతే పొగ తగ్గుతుంది, పికప్ ఏదో కొద్దిగా తేడా తెలుస్తుంది, అంతే. బలం కావాలంటే ఇంజిన్‌కి డీజిల్ కొట్టే పంపు దగ్గర డీజిల్ పెంచాలి. కంపెనీ టర్బో బండ్ల పాతకాలం పంపుల మీద బూస్ట్ ఎక్కేకొద్దీ డీజిల్ పెంచే డబ్బా ఒకటి ఉంటుంది, మన టర్బో లేని బండి పంపుకి అది ఉండదు. దాంతో మెకానిక్ ఏం చేస్తాడు, స్క్రూ తిప్పి డీజిల్ మొత్తంగా పెంచేస్తాడు. అప్పుడు టర్బో ఇంకా తిరగడం మొదలుపెట్టని కింది ఆర్‌పీఎంలో కూడా ఎక్కువ డీజిలే పోతుంది, సిగ్నల్ దగ్గర కదిలిన ప్రతిసారీ వెనక ఉన్న బైకు వాడి మొహం నల్లబడుతుంది.

డీజిల్ పెరిగిందంటే వేడి పెరిగింది. టర్బో లేకుండా డిజైన్ చేసిన పాత డీజిల్ ఇంజిన్లలో కంప్రెషన్ నిష్పత్తే (పిస్టన్ గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ లెక్క) ఎక్కువ, క్వాలిస్‌లో అది 22 దాటి ఉంటుంది. దాని మీద బూస్ట్ ఎక్కిస్తే లోపల ఒత్తిడి ఎక్కడికి పోతుందో ఆలోచించండి. కంపెనీ వాళ్లు టర్బో ఇంజిన్ చేసేటప్పుడు ఆ నిష్పత్తి తగ్గిస్తారు, చాలా ఇంజిన్లలో పిస్టన్ కింద నుంచి ఆయిల్ చిమ్మి చల్లార్చే ఏర్పాటు పెడతారు, హెడ్ గ్యాస్కెట్ మారుస్తారు, రేడియేటర్ పెంచుతారు. క్వాలిస్ 75 హార్స్‌పవర్ బండి, 2005లో దాని స్థానంలో వచ్చిన ఇన్నోవా 102. సీసీలో తేడా యాభై కూడా లేదు. ఆ తేడా టర్బో డబ్బా ఒక్కటే తెచ్చింది కాదు, ఇంజిన్ మొత్తమే వేరు, డీజిల్ పంపే పద్ధతే వేరు. షెడ్డులో మనం బిగించేది అందులో ఒక ముక్క.

పిస్టన్లు అల్యూమినియంవి, అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. టర్బోకి ముందు పొగ వేడి 700 దాటి కాసేపు అలాగే సాగితే పిస్టన్ నెత్తి దెబ్బతినడం మొదలవుతుంది. డాష్‌బోర్డులో ఉండే టెంపరేచర్ ముల్లు నీళ్ల వేడి చూపిస్తుంది గానీ దీన్ని చూపించదు. ముల్లు మధ్యలోనే ఉంటుంది, ఇంజిన్ మాత్రం రిపేరుకి వచ్చేస్తుంది.

[మళ్లీ బొలెరో దగ్గర. ఆయిల్ పోసే మూత మీద కెమెరా.]

ఇక ఇంట్లో మీరే చేసుకోగలిగే పరీక్ష. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూత తిప్పి తీసి, తిరగేసి ఆ కన్నం మీదే వదిలేయండి. చెయ్యి జాగ్రత్త, ఆయిల్ చింది కాలుతుంది. మూత కొద్దిగా వణికితే ఫరవాలేదు. ఇదిగో ఇలా టకటకా ఎగురుతూ పక్కనుంచి పొగ గుప్పుగుప్పున వస్తుంటే పిస్టన్ రింగుల పక్కనుంచి ప్రెషర్ కిందకి జారుతోందని అర్థం. దీనికి టర్బో పెట్టారనుకోండి, ఆ జారుడు ఇంకా పెరుగుతుంది, టర్బో నుంచి కిందకి దిగాల్సిన ఆయిల్ ప్రెషర్‌కి దిగలేక సీళ్లు దాటి గాలి గొట్టంలోకి వస్తుంది, ఇంజిన్ ఆ ఆయిల్‌నే మండించుకోవడం మొదలుపెడుతుంది. అది ముదిరితే తాళం తీసేసినా ఆగదండీ, రేసు దానంతటదే పెరిగిపోతుంది. గేరులో ఉంచి బ్రేక్ నొక్కిపట్టి ఇంజిన్ పడగొట్టాలి, లేదా గాలి దారి మూసేయాలి. అది కూడా అరచేత్తో కాదు, చెక్క ముక్కతో. ఒక్కసారి చూసినవాళ్లు మళ్లీ ఆ షెడ్డు వైపు వెళ్లరు.

మూత పరీక్షతో అనుమానం వస్తే గేజ్ పెట్టి కంప్రెషన్ చూపించుకోండి. ఇలాంటి పాత డీజిల్ ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే 30 బార్‌కి అటూ ఇటూగా చూపిస్తుంది, 20 దగ్గరికి దిగిందంటే ఇంజిన్ దించాల్సిన రోజు దగ్గరపడినట్టే. నాలుగు సిలిండర్లూ దాదాపు ఒకేలా ఉండటం కూడా అంతే ముఖ్యం.

కంప్రెషన్ బాగుండి కూడా లాగట్లేదంటే, సంతోషించండి, చిన్న వాటిలోనే ఉంది రోగం. మన దగ్గర కోతల టైంలో కళ్లాల పక్క రోడ్డు మీద తిరిగిన బండి ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపితే దుమ్మూ ఊకా ఎంత రాలుతుందో చూడండి. డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు, అరిగిన నాజిల్స్, తప్పిన పంపు టైమింగ్, జారే క్లచ్, పట్టేసి వదలని బ్రేకులు. వీటిలో ఏ రెండు కలిసినా పికప్ పోయినట్టే ఉంటుంది. అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది టైర్లు. లుక్ కోసం కంపెనీ సైజు కన్నా పెద్ద టైర్లు వేయించి, బండి లాగట్లేదని వచ్చేవాళ్లున్నారు. టైరు ఎత్తు పది శాతం పెరిగితే ప్రతి గేరూ పది శాతం బరువెక్కినట్టే, దానికి టర్బోతో మందు వేయడమేంటండీ?

ఊరి సంగతి కూడా చూడాలి. కొండ ప్రాంతాల్లో ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి టర్బో లేని ఇంజిన్ నీరసిస్తుంది, అక్కడ టర్బో విలువ వేరు. మనం ఉన్నది సముద్రమట్టానికి కొన్ని మీటర్ల ఎత్తులో, ఎక్కాలంటే చించినాడ వంతెనో ఎదుర్లంక వంతెనో, తప్పితే కాలవ గట్టు. ఏడాదికి ఒకటి రెండు సార్లు మారేడుమిల్లి దాటి చింతూరు ఘాట్ ఎక్కుతారేమో, అప్పుడు సెకండ్ గేర్లో నిదానంగా వెళ్తే సరి. పైగా వరదల్లో లంక రోడ్ల మీద నీళ్లలో దిగే బండికి, ముందు బంపర్ వెనక కిందగా ఇంటర్‌కూలరూ గొట్టాలూ వేలాడుతుంటే, ఏ జాయింటు దగ్గర క్లాంపు వదులైనా నీళ్లు లోపలికే. అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఆ క్లాంపులు ఎంత తొందరగా తుప్పు పడతాయో అక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

చట్టం గురించి కూడా చెప్పాలి, ఇది ఎవరూ వినాలనుకోరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో 182ఎ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకి ఓనర్‌కి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. "ఎవడు చూస్తాడులెండి" అంటారు. మీది పాత బండి కదా, 15 ఏళ్లు దాటాక అయిదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్‌కి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాల్సిందే. ఆయన బానెట్ ఎత్తితే ఈ డబ్బా దాగదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు కూడా అదే బానెట్ ఎత్తుతారు, చెప్పకుండా చేయించిన మార్పు ఉందంటే క్లెయిము దగ్గర పేచీ తప్పదు.

మరి ఎవరికి సరే అంటాను? మీ ఇంజిన్‌కే కంపెనీ చేసిన టర్బో అన్నదమ్ముడు ఉంటే. సుమోలో టర్బో లేకుండా వచ్చిన 1948 సీసీ డీజిల్, 1998లో వచ్చిన సఫారీలో టర్బోతో నడిచింది. బొలెరోలో కూడా 2523 సీసీ డీఐ ఇంజిన్ టర్బో లేకుండానూ ఉంది, టర్బోతోనూ ఉంది. అలాంటప్పుడు పార్టులు ఒక్కొక్కటి ఏరుకోవడం కాదు, పిస్టన్లు, పంపు, మానిఫోల్డ్, రేడియేటర్ అన్నీ ఉన్న పూర్తి టర్బో ఇంజిన్ కోసం వెతకండి. దించే ముందే ఆర్టీవో ఆఫీసులో అనుమతి అడగండి, ఇస్తే కొత్త ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోండి, ఇవ్వకపోతే అక్కడితో వదిలేయండి. ఖర్చు మొత్తం కాగితం మీద రాసుకుని, మీ పాత బండి అమ్మితే వచ్చేది దానికి కలిపి, ఆ డబ్బుకి కంపెనీ టర్బోతో వచ్చిన సెకండ్ హ్యాండ్ స్కార్పియోనో ఇన్నోవానో వస్తుందేమో కూడా చూడండి. నా వరకు లెక్క ఎక్కువసార్లు అటే తేలుతుంది.

అనుమతి వచ్చి, పని మొదలుపెట్టారనుకోండి, షెడ్డులో మూడు సంగతులు మాత్రం పట్టుబట్టండి. టర్బో నుంచి ఆయిల్ దిగే గొట్టం లావుగా, వంపుల్లేకుండా, నేరుగా కిందకి దిగి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులో, ఆయిల్ మట్టానికి పైనే కలవాలి. టర్బోకి ముందు పొగ వేడి చూపించే గేజ్ డ్రైవర్ కళ్ల ముందుండాలి. పంపు కాలిబ్రేషన్, అంటే డీజిల్ కొలత సరిచేయడం, బెంచి మీద జరగాలి, రోడ్డు మీద పొగ చూసుకుంటూ స్క్రూ తిప్పడం కాదు. బండి చేతికొచ్చాక రావులపాలెం నుంచి ఏకధాటిగా తోలుకొచ్చి ఇంటి ముందు ఆపగానే తాళం తీసేయకండి, ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో వదిలేయండి, ఆ ఇరుసు నెమ్మదించేదాకా దానికి ఆయిల్ అందుతుండాలి.