అమలాపురం నుంచి కువైట్‌కు షార్ట్‌వేవ్

శ్రోతలకు నమస్కారం.

కోనసీమలో గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి దొరకడం కష్టం. అమలాపురం, రాజోలు, గోదారి దాటితే నరసాపురం, పాలకొల్లు, ఎక్కడ అడిగినా కువైట్‌లోనో మస్కట్‌లోనో ఒకరుంటారు. ఒకప్పుడు మన పెద్దవాళ్లు సిలోన్ రేడియోలో తెలుగు పాటల కోసం షార్ట్‌వేవ్ ముల్లు తిప్పుతూ కూర్చునేవారు. ఈ పూట దాన్ని తిరగేద్దాం. అమలాపురం పక్క పొలాల్లో మనమే ఒక షార్ట్‌వేవ్ స్టేషన్ పెట్టామనుకోండి. పని దిగి గదికి చేరిన మనిషికి, కువైట్ టైము రాత్రి ఎనిమిదింటికి, చిన్న రేడియోలో గంటసేపు తెలుగు వినపడాలి. లైసెన్సు సంగతి పక్కన పెడదాం. స్టూడియో ఎక్కడైనా ఒకటే, దాన్నీ వదిలేద్దాం. కష్టమంతా ఆ తర్వాత మొదలవుతుంది.

అమలాపురం నుంచి కువైట్‌కు సూటిగా కొలిస్తే 3,700 కిలోమీటర్ల పైచిలుకు. భూమి గుండ్రం కాబట్టి మన తరంగం నేరుగా చేరదు. దాన్ని వంచే అయనావరణం పైపొర నేలకు 300 కిలోమీటర్ల ఎత్తున ఉంది. ఎండకు గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి, విద్యుత్తు పారే పొరలుగా అక్కడ నిలుస్తాయి. షార్ట్‌వేవ్ అక్కడ వంగి కిందికి దిగుతుంది. ఒక్క గెంతులో కువైట్ చేరాలంటే తరంగాన్ని దాదాపు నేలకు ఆనించి, ఒకటి రెండు డిగ్రీల ఎత్తులో పంపాలి. అది అయ్యే పని కాదు. రెండు గెంతులు కావాలి. అప్పుడు 13 నుంచి 16 డిగ్రీల కోణం సరిపోతుంది. దారి ఇలా ఉంటుంది: ఇక్కడ లేచిన తరంగం నాసిక్ పైన ఆకాశంలో వంగుతుంది, కరాచీకి నైరుతిగా అరేబియా సముద్రం మీద పడి లేస్తుంది, హోర్ముజ్ జలసంధి దాపుల్లో మళ్లీ వంగి కువైట్‌లో దిగుతుంది. ఉప్పునీరు మంచి అద్దం కాబట్టి సముద్రం మీద పడడం మన అదృష్టమే. కాకపోతే మన కార్యక్రమం బాగోగులు అమలాపురం ఆకాశం చేతిలో లేవు, నాసిక్ ఆకాశం చేతిలో ఉన్నాయి.

ఆ ఆకాశం పూటకొక తీరు. ఫ్రీక్వెన్సీ మరీ ఎక్కువైతే తరంగం పొరను చీల్చుకుని అంతరిక్షంలోకి పోతుంది. మరీ తక్కువైతే, పగలు అయనావరణంలోనే కిందుగా, 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున ఉండే డి పొర దాన్ని మింగేస్తుంది. రాత్రి డి పొర ఉండదు, కానీ పైపొర పలచబడి, తరంగం తిరిగొచ్చే ఫ్రీక్వెన్సీ పై హద్దు కిందికి జారుతుంది. ఇంజనీర్లు ఆ పై హద్దుకు 85 శాతం దగ్గర నిలబడతారు. కువైట్‌లో ఎనిమిదంటే మనకు పదిన్నర, అంతర్జాతీయ సమయం 17 గంటలు. ఆ వేళకు 31 మీటర్ల బ్యాండు, అంటే 9,400 నుంచి 9,900 కిలోహెర్ట్జ్ మధ్య ఒక చోటు మొదటి ఎంపిక. చలికాలం పట్టు తప్పితే ఇంకా తక్కువ ఫ్రీక్వెన్సీలుండే 41 మీటర్ల బ్యాండుకు దిగాలి. అందుకే లోకంలోని షార్ట్‌వేవ్ స్టేషన్లన్నీ ఏడాదికి రెండుసార్లు, మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం, షెడ్యూలు మార్చుకుంటాయి. ఎవరికి ఏ ఫ్రీక్వెన్సీ, ఏ గంట, ఏ దిక్కు అన్నది హెచ్.ఎఫ్.సి.సి. అనే సమన్వయ సంస్థ వేదికగా ముందే మాట్లాడుకుంటారు. ఆ పని ఎగ్గొట్టి ఖాళీగా ఉందని ఒక చోట కూర్చుంటే, కువైట్‌లో మన మాట మీద ఇంకెవరి పాటో వినపడుతుంది. ఇక్కడ మనకు అది తెలియను కూడా తెలియదు.

వీటన్నిటి మీదా సూర్యుడు. 11 ఏళ్లకొకసారి మచ్చలు పెరిగి తగ్గుతాయి. పెరిగినప్పుడు పెద్ద ఫ్రీక్వెన్సీలు బాగా పనిచేస్తాయి, తగ్గినప్పుడు చావుదెబ్బ. సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగితే ఎనిమిది నిమిషాల్లో ఎక్స్ కిరణాలు వచ్చిపడి, పగలున్న వైపంతా షార్ట్‌వేవ్ మూగబోతుంది. మనది రాత్రి ప్రసారం, ఆ దెబ్బ తగలదు. మన దెబ్బ వేరు. మన దేశం అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. మార్చి, సెప్టెంబరు అటూ ఇటూ నెలల్లో పొద్దుగూకాక ఇక్కడి పైపొర నురగలా చెదిరిపోతుంది. మాట నీళ్లలోంచి వచ్చినట్టు వణుకుతుంది. అప్పుడు పవర్ పెంచితే వణుకుడే గట్టిగా వినపడుతుంది.

ఇక యాంటెన్నా. స్టేషన్‌కు అసలు ప్రాణం ఇదే. పవర్ రెట్టింపు చేయాలంటే కోట్లు పోయాలి, యాంటెన్నాలో అంతకు ఎన్నో రెట్లు లాభం దొరుకుతుంది. రెండు టవర్ల మధ్య వలలా వేలాడదీసే కర్టెన్ యాంటెన్నా తీసుకుందాం. అడ్డంగా నాలుగు, నిలువుగా మూడు వరుసలు, మొత్తం 12 డైపోల్‌లు, అంటే తరంగాన్ని వదిలే తీగలు. వెనక తీగల తెర అద్దంలా ఉంటుంది. 31 మీటర్ల బ్యాండుకు ఒక్కో డైపోల్ సగం తరంగం, అంటే 15 మీటర్లకు కాస్త పైన. మొత్తం వెడల్పు 60 మీటర్లు దాటుతుంది. కింది వరుస 15 మీటర్ల ఎత్తున, పై వరుస 46 మీటర్ల ఎత్తున ఉంటాయి, దాదాపు రెండు కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత. నాలుగు వరుసలు పెడితే ఇంకా బాగుంటుందిగా అంటారు కొందరు. ఉండదు. నాలుగు పెడితే కిరణం 9 డిగ్రీల దగ్గరకు దిగిపోతుంది, మూడయితే 12 దగ్గర నిలుస్తుంది. మనకు కావలసింది 13, కాబట్టి మూడే సరి. యాంటెన్నా చూడాల్సిన దిక్కు ఉత్తరం నుంచి సవ్యంగా కొలిస్తే 298 డిగ్రీలు. అమలాపురంలో నిలబడి తాడేపల్లిగూడెం వైపు చూస్తే సరిగ్గా అదే దిక్కు. చిత్రమేమిటంటే తాడేపల్లిగూడెంలో ఈ కార్యక్రమం అంతంతమాత్రం, హైదరాబాద్‌లో చాలా రాత్రులు అసలు వినపడదు. నేల మీద పాకే తరంగం కొన్ని పదుల కిలోమీటర్లలో చచ్చిపోతుంది, ఆకాశం నుంచి దిగేది ఎంతో దూరాన దిగుతుంది.

డెల్టా నేల ఈ పనికి ఒక చేత్తో ఇస్తుంది, ఒక చేత్తో లాక్కుంటుంది. యాంటెన్నా ముందు కనీసం అర కిలోమీటరు చదునుగా ఉండాలి. నీళ్లు పెట్టిన వరిచేను కంటే చదును ఏముంటుంది? కానీ అదే ఒండ్రుమట్టిలో టవర్ నిలబడాలంటే లోతుగా పైల్స్, అంటే పునాది స్తంభాలు, దించాలి. ఈ తీరంలో కట్టడాలకు సెకనుకు 50 మీటర్ల గాలి, గంటకు 180 కిలోమీటర్లు, లెక్క వేసుకోవాలి. 1996 నవంబరు 6 తుపానులో ఇక్కడి కొబ్బరితోటలు ఏమయ్యాయో కోనసీమకు వేరే చెప్పనక్కర్లేదు. అందుకని తీగల వలను టవర్‌కు బిగించి కట్టరు. కప్పీల మీదుగా బరువులు వేలాడదీస్తారు. గాలి తోస్తే వల సాగుతుంది, బరువు పైకి లేస్తుంది, తీగ తెగదు.

గాలి కంటే ఉప్పు నెమ్మదైన శత్రువు. సముద్రపు గాలికి పింగాణీ ఇన్సులేటర్ల మీద ఉప్పు పొర కడుతుంది. ఎండలో ఏమీ కాదు. తెల్లవారుజామున మంచు పడగానే ఆ పొర తడిసి కరెంటు పాకుతుంది, చిటపటలాడుతూ నిప్పు లేస్తుంది. వెళ్లిన పవర్ వెనక్కి తన్నుకొస్తే రక్షణ సర్క్యూటు ట్రాన్స్‌మిటర్‌ను ఆపేస్తుంది. మంచినీళ్లతో ఇన్సులేటర్లు కడగడం ఇక్కడ నెలవారీ పని. తుప్పు పట్టిన బోల్టులు ఇంకో తలనొప్పి. రెండు తుప్పు ఇనుములు ఆనిన చోట డయోడ్‌లా, అంటే కరెంటును ఒక వైపే పోనిచ్చే పరికరంలా పనిచేసి, లేనిపోని ఫ్రీక్వెన్సీలు పుట్టిస్తాయి. చుట్టుపక్కల చేపల చెరువుల ముళ్లకంచెలన్నిటికీ ఎర్త్ వెయ్యాలి, లేకపోతే ముట్టుకున్నవాడి చెయ్యి కాలుతుంది.

ఇప్పుడు ట్రాన్స్‌మిటర్. 250 కిలోవాట్లది చాలు. ఇంత పవర్‌కు ఇప్పటికీ చివరి దశలో ట్యూబే, ఒక పెద్ద టెట్రోడ్, అంటే లోపల నాలుగు ఎలక్ట్రోడ్‌లున్న ట్యూబు. ఎలక్ట్రాన్లు వచ్చి తాకే లోహభాగం, దాని ఆనోడ్, దగ్గర 100 కిలోవాట్ల వేడి పుడుతుందనుకుందాం. నీళ్లు పారించి, ఆ నీళ్లు పది డిగ్రీలు వేడెక్కేలా చల్లార్చాలంటే నిమిషానికి 143 లీటర్లు కావాలి. అదే నీటిని ఆనోడ్ మీదే మరిగించి ఆవిరి చేస్తే నిమిషానికి రెండున్నర, మూడు లీటర్లు చాలు. నీరు ఆవిరయ్యేటప్పుడు అంత వేడి పట్టుకుపోతుంది. ఆ ఆవిరిని మళ్లీ నీరు చేసి తిప్పుతారు. అయితే ఆ నీరు పది వేల వోల్టుల పైన ఉన్న లోహాన్ని తాకుతోందని మరవకూడదు. నీళ్లలో ఉప్పుంటే కరెంటు అందులోంచే పారుతుంది, గొట్టాల రాగి కరిగిపోతుంది. కోనసీమలో చాలా చోట్ల బోరు నీళ్లు నోట్లో పోసుకోలేం, ఇక ట్యూబుకా! రెజిన్ గుండా వడగట్టి లవణాలు తీసేసిన నీరే పొయ్యాలి. విద్యుత్ వాహకత చూపే మీటరు పైకి కదిలిందంటే రెజిన్ మార్చే రోజు వచ్చిందన్నమాట.

మొదలుపెట్టడానికీ ఒక వరస ఉంది. ముందు పంపులు. తర్వాత వేడెక్కి ఎలక్ట్రాన్లు వదిలే తీగ, ఫిలమెంటు, అదీ మెల్లగా. ఆ తర్వాత ఎలక్ట్రాన్లను అదుపు చేసే జాలీకి వోల్టేజి (గ్రిడ్ బయాస్), ఆనోడ్ వోల్టేజి, ఆపైన రెండో జాలీ అయిన స్క్రీన్, ఆఖర్న ట్యూబు పెంచాల్సిన సిగ్నల్, అంటే డ్రైవ్. ఆనోడ్ వోల్టేజి లేకుండా స్క్రీన్‌కు ఇస్తే ఎలక్ట్రాన్లన్నీ స్క్రీన్ మీద పడి క్షణాల్లో అది కాలిపోతుంది. కొత్త ట్యూబుకు మళ్లీ లక్షలు. తక్కువ పవర్‌లో ట్యూన్ చేశాకే పూర్తి పవర్.

కరెంటు గంటకు 400 యూనిట్ల దాకా లాగుతుంది, ఒక మామూలు ఇల్లు రెండు మూడు నెలలు వాడుకునేంత. రాత్రిపూట రొయ్యల చెరువుల ఏరేటర్లన్నీ ఒక్కసారి తిరిగే పల్లె ఫీడరు మీద దీన్ని వెయ్యలేం, ప్రత్యేకంగా 33 కిలోవోల్టుల లైను కావాలి. అయినా ఒక్క క్షణం కరెంటు పోతే వరస మొదటినుంచి మొదలు, శ్రోతకు నాలుగైదు నిమిషాలు గోల. కనీసం పంపులకూ ఫిలమెంటుకూ జనరేటరు తప్పనిసరి.

మాట విషయం కొంచెమే. 4.5 కిలోహెర్ట్జ్ పైనున్న ధ్వనిని కోసెయ్యాలి, లేకపోతే పక్క స్టేషన్ మీద పడతాం. 2, 3 కిలోహెర్ట్జ్ దగ్గర కాస్త పెంచితే స, ష, చ అక్షరాలు గురగురలోంచి బయటపడతాయి. పాట వెనక వాద్యాల హోరు కంటే ఒక్క గొంతు మాట ఎప్పుడూ బాగా చేరుతుంది.

ఇదంతా చేశాక ఎలా వినపడిందో ఇక్కడివాళ్లకు తెలియదు. అందుకని కువైట్‌లో ఇంటర్నెట్‌కు కలిపిన ఒక రిసీవరు పెట్టుకుని రోజూ ఇక్కణ్ణుంచి వినాలి. శ్రోతలు రాసే రిపోర్టులో బలం, అడ్డంకి, గోల, ఊగిసలాట, మొత్తం మీద ఎలా ఉంది అనే ఐదింటికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులుంటాయి. గదిలో ఎల్‌ఈడీ బల్బు, ఫోను ఛార్జరు ఆపి విన్నారా అని తప్పక అడగాలి. వందల కిలోవాట్లు ఓడిపోయేది చాలాసార్లు ఆ ఛార్జరు చేతిలోనే.

మన టైము పదకొండున్నరకు ప్రసారం ముగుస్తుంది. డ్రైవ్ తీస్తారు, స్క్రీన్ తీస్తారు, ఆనోడ్, ఫిలమెంటు ఆపుతారు. పంపును మాత్రం ఆపరు. ట్యూబు లోపలి వేడి పూర్తిగా దిగేదాకా అది తిరగాలి. ఆ పది పదిహేను నిమిషాలూ ఆపరేటరు అక్కడే కూర్చుని ఫిలమెంటు ఎన్ని గంటలు వెలిగిందో ఆ లెక్కా నీటి మీటరు రీడింగూ లాగ్‌బుక్‌లో రాసుకుంటాడు.